పురమాయించి చేయించుట ఎప్పుడు తగును? — బాబేజి గ్రంథము, బాబేజి యంత్రము

1832వ సంవత్సరములో చార్లెస్ బాబేజి పేరుతో లండను నగరమున రెండు వస్తువులు లోకమునకు కనిపించినవి. ఒకటి పుస్తకము. యంత్రములను గూర్చియు, కర్మాగారములలో సరకు తయారగు తీరును గూర్చియు, దాని ఖర్చువెచ్చములను గూర్చియు వ్రాసినది. రెండవది లోహపు చక్రములతో నిండిన ఒక యంత్రపు ముక్క. దానిని త్రిప్పినచో లెక్కలు తప్పు లేకుండ వచ్చుచుండెను. పుస్తకము మూడేండ్లలో నాలుగు ముద్రణలకు నోచుకొన్నది. యంత్రము మాత్రము ఆ ముక్కతోనే ఆగిపోయినది.

ఈ రెండింటికిని దగ్గరి చుట్టరికము కలదు. గణనయంత్రమును చేయించుటకు ఏయే పనితనములు దొరకునో తెలిసికొనుటకై బాబేజి ఇంగ్లండులోను, ఐరోపా ఖండములోను అనేక యంత్రశాలలు తిరిగెను. ఆ తిరుగుటలో పోగైన విషయములే పుస్తకమైనవని ఆయనయే పీఠికలో ఒప్పుకొనెను. కావున పుస్తకమును చదివి, తరువాత యంత్రము కథ విన్నవారికి ఒక సందేహము తప్పక కలుగును. వస్తువును ప్రత్యేకముగా చేయించుటలోని లాభనష్టములను ఇంత వివరముగా ఎరిగినవాడు తన సొంత పనిలో ఎక్కడ చిక్కుపడెను? ఆయన దురదృష్టమనియో, పనివాని దురాశ అనియో చెప్పి ఊరకొనుట వాడుక. పుస్తకమును మరల తెరచి చూచినచో, చిక్కు కొంత అందులోని కొలబద్దలోనే ఉన్నట్లు తోచును.

ఆ కొలబద్ద ఉన్నది పదమూడవ అధ్యాయములో. అది చిన్న అధ్యాయము. 'చేయుట' వేరు, 'ఉత్పత్తి చేయుట' వేరు అని చెప్పుట దాని ఉద్దేశము. ఒకటి రెండు వస్తువులను పురమాయింపు మీద తీర్చి ఇచ్చుట మొదటిది. అదే వస్తువును వేలకొలది తీయుట రెండవది. బాబేజి ఈ మాటను ఊరక చెప్పి విడువలేదు. మాడ్‌స్లే అను ప్రసిద్ధ యంత్రకారుని సాక్ష్యమును ఎదుట పెట్టెను. నౌకాశాఖవారు ఓడలకు ఇనుప తొట్లు చేసి ఇమ్మని మాడ్‌స్లేను అడిగిరి. అది తన పని కాదని ఆయన వెనుదీసెను. తుదకు పరీక్షకై ఒక్క తొట్టిని చేయుటకు ఒప్పుకొనెను. ఒక తొట్టికి రివెట్ల కొరకు 1,680 బెజ్జములు కావలెను. చేతితో నడుపు సాధనముతో వాటిని పొడిచినందుకు 7 షిల్లింగులు ఖర్చయినది. అటుపిమ్మట నౌకాశాఖవారు వారమునకు 40 తొట్ల చొప్పున చాల నెలలు కావలెననిరి. అప్పుడు మాడ్‌స్లే ఆలోచన మారినది. 2,000 తొట్లకు పురమాయింపు ఇచ్చినచో వారమునకు 80 ఇత్తునని చెప్పి, ఆ పనికే ప్రత్యేకముగా సాధనములు కట్టించుకొనెను. బెజ్జముల ఖర్చు తొట్టికి 7 షిల్లింగుల నుండి 9 పెన్నీలకు దిగెను. తొట్టి వెల 17 పౌనుల నుండి 15 పౌనులకు తగ్గెను.

తరగతిలో లెక్క చేయించుటకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకుట కష్టము. ఆనాటి ఇంగ్లీషు నాణెములలో షిల్లింగునకు 12 పెన్నీలు, పౌనునకు 240 పెన్నీలు. అనగా 84 పెన్నీల పని 9 పెన్నీలకు వచ్చినది. తొట్టికి 75 పెన్నీలు మిగులు. 2,000 తొట్లకు మిగులు 1,50,000 పెన్నీలు, అనగా 625 పౌనులు. బెజ్జములు పొడుచు సాధనములకు 100 పౌనులు పట్టినదని లెక్క కొరకు అనుకొన్నచో, 320వ తొట్టి ముగియునప్పటికి ఆ ఖర్చు తిరిగి వచ్చును. ఆ పైనవన్నియు లాభము. ఒక్క తొట్టియే కావలసినవాడు ఆ సాధనములు కట్టించినచో తెలివితక్కువ పని. రెండువేలు కావలసినవాడు కట్టింపనిచో అదియు తెలివితక్కువయే. పురమాయింపు పని ఎక్కడ ఆగవలెనో, ఉత్పత్తి ఎక్కడ మొదలు కావలెనో ఇంత సూటిగా చెప్పిన వ్రాత అంతకుముందు అరుదు. అందుకే ఈ అధ్యాయము నేటికిని చదువదగినది.

అదే పుస్తకములో, క్రొత్త యంత్రములను కల్పించుటను గూర్చిన చోట, బాబేజి ఇంకొక మాట అనును. క్రొత్తగా కనిపెట్టిన ఏ యంత్రమునకైనను మొదటి ప్రతికి పట్టు ఖర్చు రెండవ ప్రతికి పట్టు ఖర్చునకు సుమారు అయిదింతలుండునట. ఆలోచించి చూచినచో ఇది తన మీద తానే వేసికొన్న లెక్క. ఆయన యంత్రమునకు రెండవ ప్రతిని ఎవరును అడుగలేదు. అయిదింతల ఖర్చును పూర్తిగా భరింపవలసినది ఆ మొదటి ప్రతియే.

ఇక కొలబద్దలోని లోపము. 'ఎన్ని వస్తువులు కావలెను?' అని పదమూడవ అధ్యాయము అడుగును. తొట్టికి ఈ ప్రశ్న చాలును. కొనువానికి కావలసినది తొట్టియే కనుక. గణనయంత్రమును ఈ ప్రశ్నతో కొలిచినచో 'ఒకటి' అను జవాబు వచ్చును. ఒకటియే కనుక అది 'చేయుట' క్రిందికి వచ్చును. మంచి పనివానిని చూచి పురమాయింపవలెను. బాబేజి చేసినది అదియే. యంత్రపు కడుపులోనికి తొంగిచూచినచో జవాబు వేరుగా కనబడును.

ఈ యంత్రము పని చేయు విధమును విద్యార్థులు కాగితము మీదనే చూడవచ్చును. 1, 4, 9, 16, 25 అను వర్గములను వరుసగా వ్రాసి, ప్రక్కప్రక్క సంఖ్యల తేడాలు తీసినచో 3, 5, 7, 9 వచ్చును. ఈ తేడాలకు మరల తేడాలు తీసినచో అన్నియు 2. కావున వెనుకకు నడచినచో గుణకారము లేకుండ కూడికతోనే వర్గముల పట్టిక అంతయు కట్టవచ్చును: 9కి 2 కలిపిన 11, 25కి 11 కలిపిన 36. ఘాతము పెరిగినకొలది తేడాల వరుసలు పెరుగును, అంతే. గణనయంత్రము కూడిక తప్ప మరేమియు చేయదు. ప్రతి వరుసకు ఒక నిలువు స్తంభము, స్తంభములో ప్రతి అంకెకు ఒక చక్రము. ఒక అంకెను కూడు ఏర్పాటు ఎట్లుండునో, మిగిలిన అంకెలన్నింటికి అచ్చముగా అట్లే ఉండవలెను.

మొదటి గణనయంత్రమునకు సుమారు 25,000 భాగములు కావలసి వచ్చినది. బయటినుండి చూచినచో ఒకే యంత్రము. లోపల చూచినచో ఒకే ఆకారము వందల పర్యాయములు. ఒకటి రెండు వస్తువులను తీర్చుటకు అలవాటుపడిన పనితనముతో, ఒకదానికొకటి పోలిన వందల ముక్కలను చేయవలసి వచ్చినది. ఇది 'చేయుట' కాదు, 'ఉత్పత్తి' అంతకన్న కాదు. రెండింటి నడుమ పడిన పని. అధ్యాయములో దీనికి పేరు లేదు. అనుకరణ విధానములను గూర్చి, అనగా పోత, అచ్చు, ముద్ర, మూసలతో ఒకే ఆకారమును మరల మరల తీయుటను గూర్చి, అదే పుస్తకములో బాబేజి సుదీర్ఘముగా వ్రాసెను. ఆ అధ్యాయమును, ఈ అధ్యాయమును కలిపి చదివినచో జవాబు దొరకెడిది. చాల ఏండ్ల తరువాత, మరొక యంత్రము కొరకు, చిన్న చక్రములను లోహపు పోతతో తీయుటను ఆయన స్వయముగా ప్రయత్నించెను. అప్పటికి ప్రభుత్వపు డబ్బు ఎప్పుడో ఆగిపోయెను.

పనిని పట్టినవాడు జోసఫ్ క్లెమెంటు. మాడ్‌స్లే యంత్రశాలలో పనిచేసి వచ్చినవాడు. ఆ కాలపు మేటి పనివారిలో ఒకడు. ఆయన చేసిన భాగములలో దోషమెన్నుటకు వీలు లేదు. 1832లో కూర్చిన ముక్కలో సుమారు 2,000 భాగములు కలవు. అది లెక్కించు భాగములో ఏడవ వంతు మాత్రమే. ఆ ముక్క లండనులోని సైన్సు మ్యూజియములో నేటికిని ఉన్నది. 1833లో పని నిలిచెను. అప్పటికి సుమారు 12,000 భాగములు సిద్ధమైయుండెను. వాటిలో చాల భాగము తరువాత పాతలోహముగా కరగిపోయినది. 1842లో ప్రభుత్వము యంత్రమును పూర్తిగా వదలుకొన్నది. ప్రజాధనము సుమారు 17,500 పౌనులు వ్యయమైనది. 1831లో స్టీఫెన్‌సన్ కర్మాగారము అమ్మిన 'జాన్ బుల్' అను రైలింజను వెల 800 పౌనులకు లోపు.

ఈ అంకెలను చూచి, ఇంత ఖర్చు పెట్టి ప్రత్యేకముగా చేయించుటయే తప్పు, దొరకు భాగములతో సరిపెట్టుకొనవలసినది అనుట తొందరపాటు. ఆనాడు దొరకు భాగములు ఏవి? ఇంగ్లండులో ఒక యంత్రశాల బోల్టు మరొక యంత్రశాల నట్టులో దూరెడిది కాదు. మర కోత ఎవరిది వారిదే. క్లెమెంటు వద్ద పనిచేసిన జోసఫ్ విట్‌వర్తు 1841లో, మర కోణము 55 డిగ్రీలుగాను, ఇన్ని లావులకు ఇన్ని చుట్లుగాను, దేశమంతటికి ఒకే కొలత ఉండవలెనని ప్రతిపాదించెను. 'బజారులో దొరకునది' అను ఎన్నిక అటుపిమ్మటనే నిజముగా ఏర్పడినది. బాబేజికి ఆ ఎన్నిక లేదు. చేయించుకొనక తప్పదు. చేయించుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలను మాత్రము ఆయన పూర్తిగా అడుగలేదు.

వాటిలో ఒకటి సాధనములను గూర్చినది. వందల చక్రములు ఒకే తీరున రావలెనన్నచో, ముందు ఆ చక్రములను కోయు సాధనములు కట్టవలెను. క్లెమెంటు కట్టెను. ఆ ఖర్చు బిల్లులలో చేరెను. బాబేజి ద్వారా ప్రభుత్వము చెల్లించెను. తీరా తగవు వచ్చినప్పుడు, వృత్తి ఆచారము ప్రకారము సాధనములు పనివానివే అని తేలెను. క్లెమెంటు వాటిని తన వద్దనే ఉంచుకొనెను. ఇందులో ఆయనను దొంగగా చూపువారు న్యాయము చేయుట లేదు. ఆచారము అట్లున్నది, ముందుగా ఎవరును వేరుగా వ్రాసికొనలేదు. మాడ్‌స్లే తొట్ల విషయములోను సాధనములు మాడ్‌స్లేవే. అక్కడ తగవు రాలేదేమి? నౌకాశాఖవారు తొట్టికి ఇంత అని వెల ఇచ్చిరి. సాధనముల ఖర్చు మాడ్‌స్లే మోసెను, లాభమును ఆయనయే తీసికొనెను. గణనయంత్రములో సాధనముల ఖర్చు ఒకరిది, సాధనములు మరొకరివి. తొట్ల కథను అంత శ్రద్ధగా వ్రాసిన బాబేజి ఈ భేదమును పట్టించుకొనలేదు. ఈనాటికిని అచ్చు, మూస, డై మొదలైనవి కట్టించి వస్తువు చేయించుకొనువారు మొదట తేల్చుకొనవలసినది ఇదియే: పని ముగిసిన పిమ్మట మూస ఎవరి ఇంటికి పోవును?

రెండవ ప్రశ్న ఇంకను ముఖ్యమైనది: ఈ భాగము అసలు కావలెనా? 1847, 1849 సంవత్సరముల నడుమ బాబేజి రెండవ గణనయంత్రమునకు పటములు గీచెను. ఇది 31 అంకెల సంఖ్యలతో, ఏడు వరుసల తేడాలతో పనిచేయును. ఫలితపు స్తంభముతో కలిపి ఎనిమిది స్తంభములు, స్తంభమునకు 31 చక్రములు. అనగా 248 అంకెల చక్రములు. అయినను ముద్రణ యంత్రముతో సహా భాగములు సుమారు 8,000 మాత్రమే. మొదటిదానికి 25,000. శక్తి తగ్గలేదు, భాగములు మూడవ వంతునకు దిగినవి. ఏ సాధనమును, ఏ బేరమును ఇంత పొదుపు చేయలేదు; కాగితము, పెన్సిలు చేసినవి. తలలో రూపము ఇంకను మారుచుండగనే పనివాని చేతికి లోహము ఇచ్చుట ఎంత ఖరీదైనదో దీనివలన తెలియును. పని చేపట్టుటకు ముందు పటములు సమగ్రముగా ఉండవలెనని పుస్తకములో బోధించినవాడును ఆయనయే!

స్వీడను దేశములో ఇదే పనిని వేరొక విధముగా చేసి చూపిరి. స్టాక్‌హోములో జార్జి ష్యూట్స్ అను ముద్రాపకుడు 1834లో ఒక ఇంగ్లీషు పత్రికలో బాబేజి యంత్రమును గూర్చి చదివెను. మొదట కొయ్య, అట్ట, తీగలతో నమూనా కట్టి చూచెను. తరువాత కుమారుడు ఎడ్వర్డు లోహముతో పని సాగించెను. 1853లో పూర్తి యంత్రము సిద్ధమైనది: 15 అంకెలు, నాలుగు వరుసల తేడాలు. 1855లో పారిస్ ప్రదర్శనలో బంగారు పతకము పొందెను. 1857లో అమెరికాలోని ఆల్బనీ నగరపు డడ్లీ వేధశాలకు అమ్ముడుపోయెను. రెండవ ప్రతిని ఇంగ్లండులో ప్రభుత్వపు జననమరణ శాఖకై చేసిరి. 1864లో ప్రకటించిన ఆయుర్దాయ పట్టికకు దానిని ఉపయోగించిరి.

తండ్రీకొడుకులు గెలిచిరి, బాబేజి ఓడెను అని చెప్పుటకు ఈ కథను వాడుకొనువారు కలరు. అది సగము నిజము. పనితనములో కోరికను తగ్గించుకొని, అంకెలను తగ్గించుకొని, అందుబాటులోనున్న సాధనములతో ష్యూట్సులు పని ముగించిరి. అయితే వారి యంత్రములకు ప్రక్కన ఒకరు కాపలా ఉండవలసి వచ్చెడిది, తరచు సర్దుచుండవలెను. తప్పు జరిగినచో యంత్రము తనంతట తాను బిగుసుకొని నిలిచిపోవునట్లు బాబేజి కల్పించిన కట్టుదిట్టములు వారి యంత్రములలో లేవు. తక్కువ ఖర్చునకు తక్కువ వస్తువే వచ్చినది. ఆ తక్కువ తమకు చాలునా చాలదా అని ముందుగా తేల్చుకొనుట వారి తెలివి.

బాబేజి కోరిన సూక్ష్మత ఆ కాలమున అసాధ్యమని, అందుకే యంత్రము ఆగెనని చాలకాలము పాఠ్యపుస్తకములు వ్రాసినవి. 1991లో ఈ మాట వీగిపోయినది. సైన్సు మ్యూజియమువారు డోరన్ స్వేడు నాయకత్వమున రెండవ గణనయంత్రపు లెక్కించు భాగమును బాబేజి పటముల ప్రకారమే నిర్మించిరి. సుమారు 4,000 భాగములు. నేటి యంత్రములతో కోసినను, క్లెమెంటు చేతినుండి వచ్చిన భాగములను కొలిచి, వాటికన్న మిన్నగా ఉండకుండునట్లు జాగ్రత్తపడిరి. ఆ పాత భాగములలో ఒకదానికి మరొకదానికి తేడా అంగుళములో వేయింట రెండు వంతుల ప్రాంతము, అనగా సుమారు 0.05 మిల్లీమీటరు. అది చాలినది, యంత్రము తప్పు లేకుండ లెక్క చేసెను. ముద్రణ భాగము మరికొన్ని ఏండ్లకు ముగిసెను. కావున క్లెమెంటు పనితనము అవసరమునకు తక్కువ కాదు. ప్రతి భాగమునకు ఆ సూక్ష్మత అవసరమా అనునది వేరు ప్రశ్న. 25,000 భాగములలో ఏవి సూక్ష్మముగా ఉండవలెనో, ఏవి మోటుగా ఉన్నను చెల్లునో వేరు చేసియుండినచో ఖర్చు లెక్క మరియొక విధముగా ఉండెడిది.

ఇప్పుడు త్రీడీ ప్రింటరు వచ్చినది. దానికి మూస అక్కరలేదు. మొదటి ముక్కకును, నూరవ ముక్కకును ఖర్చు దాదాపు ఒకటే. 'ఎన్ని కావలెను' అను బాబేజి ప్రశ్నకు పదును కొంత తగ్గినది. కాని ఆయన అడుగని ప్రశ్నలకు పదును తగ్గలేదు.

వాటిని అడిగి పనిచేయు చోట్లు పుస్తకము అవసరము లేకుండనే కనబడును. విజయవాడ ఆటోనగరులో లారీలకు బాడీలు కట్టు షెడ్లను చూడవచ్చును. ఇంజనుతో కూడిన ఛాసిస్ కర్మాగారమునుండి వచ్చును. దానిని ఎవరును పురమాయించి చేయింపరు. దాని మీది బాడీని మాత్రము లారీ యజమాని తన సరకును బట్టి కట్టించుకొనును. వస్తువు ఒకటే, నిర్ణయములు రెండు. పదమూడవ అధ్యాయము వస్తువును మొత్తముగా కొలుచును. ఈ షెడ్డు దానిని విడదీసి కొలుచును.

ఉన్నత పాఠశాలలో వాలుతలపు ప్రయోగమునకు పరికరము కట్టదలచిన ఉపాధ్యాయుడు ఇట్లే విడదీసి చూడవచ్చును. పలకను వడ్రంగి చేయును; పొడవు అర సెంటీమీటరు అటు ఇటు అయినను ప్రయోగమునకు నష్టము లేదు. కప్పీ ఒరిపిడి లేకుండ తిరుగవలెను. దానిని లేతు మీద తీయించుట కన్న 608 అను సంఖ్యగల బాల్ బేరింగును కొనుట మేలు. దాని లోపలి వ్యాసము 8 మిల్లీమీటర్లు, వెలుపలిది 22, మందము 7. ఏ దేశములో కొన్నను ఇంతే. ఇక మిగిలినది బేరింగులో దూర్చు ఇరుసు. లేతుపనివానికి ఇచ్చు కాగితము మీద ఆ 8 మిల్లీమీటర్ల కొలత క్రింద గీత గీచి, పొడవు ఎంతైనను ఫరవాలేదని వ్రాసినచో వాని పని సగము, వెల సగము. 8 మిల్లీమీటర్ల మరబోల్టు ఒకటి హార్డువేరు అంగడిలో దొరకినచో ఆ లేతుపనియు అక్కరలేదు.